మా వేపచెట్టు మీద ఉన్నవి ఒకటే రకం చిలకలా, రెండు రకాలా? తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్తపేట_కిటికీ
హైదరాబాద్ కొత్తపేటలో ఉంటాం, మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటులో పెద్ద వేపచెట్టు ఉంది, మాది మూడో అంతస్తు కాబట్టి కొమ్మలు సరిగ్గా వంటింటి కిటికీ ఎత్తుకి వస్తాయి. ఇప్పుడింకా పూతే, కాయ కూడా పడలేదు, అయినా రోజూ పొద్దున ఆరింటికి చిలకలు దిగుతాయి, ఆరో ఏడో, ఒక్కోరోజు పది కూడా. ఇన్నేళ్ళూ అన్నీ ఒకటే రకం అనుకున్నా. పోయిన ఆదివారం వాటిల్లో ఒకదానికి రెక్క మొదట్లో, అంటే భుజం దగ్గర, ఎర్ర మచ్చ కనబడింది. మిగతా వాటికి లేదు. ఫోన్లో ఒక యాప్‌కి ఫొటో ఇస్తే అలెగ్జాండ్రిన్ అంది, అదే పక్షి ఇంకో ఫొటో ఇస్తే మామూలు రామచిలుక అంది! కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన ఆడ చిలక అన్నాడు, ఒకావిడ పిల్ల చిలక అంది, ఇంకొకరు దెబ్బ తగిలి రక్తం కారుతోంది అన్నారు, ఆ మాటకి మా అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అసలు మన ఊళ్ళలో ఎన్ని రకాలు తిరుగుతాయి, ఏది చూసి తేడా చెప్పాలి? ఎక్కడ చదివినా "ఇది పెద్దది, అది చిన్నది" అని రాస్తారు, కొమ్మ మీద ఒక్కటే కూర్చుంటే దేనితో పోల్చి పెద్దది అనుకోవాలి?

పిచ్చుక77
ఫొటో పెట్టండి ముందు. ఫొటో లేకుండా మేం చెప్పేది చిలక జోస్యమే అవుతుంది.

గోదారి_గట్టు
మెడలో పట్టీ ఉంటే మగది, లేకపోతే ఆడది, అంతే కదండి. మచ్చ సంగతి తెలీదు గానీ మా రాజమండ్రిలో మచ్చలున్నవి నేనెప్పుడూ చూళ్ళేదు.

నల్లమల_దారి
సైజు సంగతి పక్కన పెట్టండి. ముందు భుజం, తర్వాత ముక్కు, తర్వాత తోక కొస, వీటన్నిటితో పాటు అరుపు. నేను ఈ వరసలోనే చూస్తా.

మన రెండు రాష్ట్రాల్లో పొడుగు తోక చిలకలు మూడు రకాలు. ఊళ్ళో కనబడేవి దాదాపు అన్నీ మామూలు రామచిలుకలే, రోజ్ రింగ్డ్ అంటారు. తోకతో కలిపి 40 సెంటీమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది, అందులో సగం పైన తోకే. మగదానికి గడ్డం కింద నల్ల గీత, మెడ వెనక గులాబి పట్టీ. భుజం మీద ఏ మచ్చా ఉండదు, ఆడదానికీ మగదానికీ పిల్లకీ ఎవరికీ ఉండదు, ఈ ఒక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. రెండోది అలెగ్జాండ్రిన్, మా వైపు పెద్ద చిలక అంటారు, 55 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. దీనికి ఆడామగా ఇద్దరికీ భుజం మీద ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది, ఆడదానికి కాస్త పలచగా. పెద్దదిగా కనబడేది ఒళ్ళు కాదు, ముక్కు. మొహానికి మించిన ముక్కు, కింది భాగం కూడా ఎరుపే. మూడోది ప్లమ్ హెడెడ్, ఇది అన్నిట్లోకీ చిన్నది, 35 దగ్గర. మగదాని తల గులాబీకీ నేరేడుకీ మధ్య రంగు, ఆడదాని తల బూడిద నీలం, మెడ చుట్టూ పసుపు ఛాయ. తోక నీలంగా ఉండి కొస తెల్లగా ఉంటుంది, ఎగిరిపోతున్నప్పుడు వెనక నుంచి ఆ తెలుపే కనబడుతుంది.

బోల్తా పడేది ఎక్కడంటే, ప్లమ్ హెడెడ్ మగదానికి కూడా భుజం మీద చిన్న ఎర్ర మచ్చ ఉంటుంది. అందుకని మచ్చ కనబడగానే అలెగ్జాండ్రిన్ అనేయకూడదు. తల రంగు ఏంటి, ముక్కు ఏ రంగు? ప్లమ్ హెడెడ్ ముక్కు పసుపు, నారింజ వైపు ఉంటుంది, ఎర్రగా ఉండదు.

గోదారి_గట్టు గారూ, పట్టీ లేనిదల్లా ఆడది కాదండీ. మగ పిల్లలకి పట్టీ రావడానికి మూడేళ్ళు పడుతుంది, అప్పటిదాకా తల్లిలాగే ఉంటాయి.

గోదారి_గట్టు
ఇది నాకు తెలీదు. మా చిన్నాన్న గారింట్లో ఆడది అనుకుని సీత అని పిలిచిన చిలకకి నాలుగో ఏట మెడలో పట్టీ వస్తే అందరం వింత అనుకున్నాం, ఇదన్నమాట సంగతి.

వాన_చినుకు
సీత కాస్తా రాముడైంది 😀

కొత్తపేట_కిటికీ
నల్లమల_దారి అన్నా, చాలా థాంక్స్. మా దాని తల పచ్చగానే ఉంది, ముక్కు ఎరుపు. అంటే ప్లమ్ కాదు. మచ్చ ఉంది కాబట్టి పెద్ద చిలకే అంటారా? కానీ ముక్కు మరీ అంత పెద్దగా అనిపించలేదు. ఫొటోకి ప్రయత్నిస్తున్నా, పొద్దున వెలుగు ఎదురుగా వస్తోంది, అంతా నల్లగా పడుతోంది.

శేషాచలం_మెట్లు
మా తిరుపతి కాడ ప్లమ్ హెడెడ్ బాగా కనబడతాయి సామీ, తిరుమల నడకదారిలో పొద్దున్నే పోతే చెట్ల పైన గుంపుగా పోతావుంటాయి. మా అవ్వ రామచిలక అనేది దాన్నే, ఊర్లో ఉండే పచ్చదాన్ని ఉత్త చిలక అనేది. తల ఎర్రగా ఉండేదే రాముడి చిలక, రాముడు బొట్టు పెట్టినాడంట దాని నెత్తిన. ఇప్పుడు అందరూ పచ్చదాన్నే రామచిలక అంటావుంటే నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

సర్కారు_కొలువు
పేరు గొడవ ఎప్పుడో తేలిపోయిందండి. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా రామచిలుకని ప్రకటించారు, అది రోజ్ రింగ్డే. తెలంగాణకి పాలపిట్ట అలాగే ఉంది.

శేషాచలం_మెట్లు
సర్కారు రాసుకున్న పేరు సర్కారుది, మా అవ్వ పేరు మా అవ్వది. రెండూ ఉండనీ.

నల్లమల_దారి
శేషాచలం అన్నా, మీ అవ్వ చెప్పింది తప్పేం కాదు. ఊరుకో పేరు ఉంటుంది. అందుకే ఇలాంటి చోట మాట్లాడేటప్పుడు రోజ్ రింగ్డ్, ప్లమ్ హెడెడ్ అని ఇంగ్లీషు పేర్లు వాడక తప్పట్లేదు, లేకపోతే ఇద్దరు రామచిలక అంటారు, రెండు వేరే పక్షులు.

లోధీ_గార్డెన్_తెలుగు
పదకొండేళ్ళుగా ఢిల్లీలో ఉంటున్నా. ఇక్కడ లోధీ గార్డెన్‌లో రోజ్ రింగ్డ్, అలెగ్జాండ్రిన్ రెండూ ఒకే గోడ మీద ఉంటాయి, పాత గుంబజుల రాళ్ళ సందుల్లో గూళ్ళు పెడతాయి. పక్కపక్కన చూస్తే తేడా చిన్న పిల్లలు కూడా చెప్తారు, కాకి పక్కన గోరింక నిలబడ్డట్టు. ఒక్కటే కూర్చున్నప్పుడే కష్టం, నిజమే. నేనైతే తల చూస్తా. రోజ్ రింగ్డ్ తల గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది, అలెగ్జాండ్రిన్ తల పైన చదునుగా, మెడ లావుగా, పహిల్వాన్ లాగా ఉంటుంది. ఎగిరేటప్పుడు కూడా రోజ్ రింగ్డ్ టపటపా కొట్టుకుంటూ పోతుంది, పెద్దది నిదానంగా రెక్క వేస్తుంది.

ఒక్క విషయంలో నాకు డౌటు. నల్లమల_దారి గారు అలెగ్జాండ్రిన్‌కి కింది ముక్కు కూడా ఎరుపు అన్నారు, ఇక్కడ మామూలు చిలకలకి కూడా కింది ముక్కు ఎర్రగానే ఉంటుంది కదా? అది గుర్తు ఎట్లా అవుతుంది?

నల్లమల_దారి
మంచి ప్రశ్న వేశారు. రోజ్ రింగ్డ్‌లోనే మన దేశంలో రెండు రూపాలున్నాయి. ఉత్తరాది వాటికి కింది ముక్కు ఎరుపు, దక్షిణాది వాటికి కింది ముక్కు నలుపు. మీరు సెలవులకి ఊరొచ్చినప్పుడు చూడండి, పై ముక్కు ఎరుపు, కింద నల్లగా సిరా పూసినట్టు ఉంటుంది. అందుకని ఢిల్లీలో ఆ గుర్తు పనికిరాదు, హైదరాబాద్, విజయవాడ, తిరుపతిలో పనికొస్తుంది. మన దగ్గర కింది ముక్కు నల్లగా ఉంటే అది అలెగ్జాండ్రిన్ కానే కాదు, భుజం మీద ఏమున్నా సరే.

లోధీ_గార్డెన్_తెలుగు
పదకొండేళ్ళలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మా కాకినాడ డాబా మీద ఇదే పని.

కొత్తపేట_కిటికీ
రేపు కింది ముక్కు చూస్తా!!

వికారాబాద్_వీకెండ్
అనంతగిరికి పోండి, అక్కడ మొత్తం వెరైటీలు ఉంటాయని విన్న. మా ఫ్రెండ్ అక్కడ బుల్లి చిలక చూసిండంట, పిచ్చుకంతే ఉంటది, తోకనే లేదు, కొమ్మకి తలకిందులుగా వేలాడుతదంట. నేను మూడుసార్లు పోయిన, ప్లమ్ హెడెడ్ దొరికింది గానీ బుల్లిది దొరకలే.

అరకు_రైలు
మీ ఫ్రెండ్ చెప్పింది మా అనంతగిరి అండి బాబూ, అరకు దారిలో ఉన్నది. మీరు వెళ్తున్నది వికారాబాద్ అనంతగిరి. ఆ బుల్లి చిలక హ్యాంగింగ్ పారట్, 14 సెంటీమీటర్లే ఉంటుంది, నడుము మీద ఎర్రగా ఉంటుంది, తూర్పు కనుమల్లో తడిగా ఉండే అడవుల్లో ఉంటుంది. మూడుసార్లు ఎండలో తిరిగారా మీరు, పాపం.

వికారాబాద్_వీకెండ్
అయ్యో దేవుడా. పెట్రోల్ డబ్బులు ఆనిమీద వసూలు చేస్త ఇప్పుడు.

వాన_చినుకు
ఈ త్రెడ్‌లో ఇదే బెస్ట్.

జొన్నచేను_మంచె
మీరంతా కిటికీలకెళ్ళి చూస్తున్నరు, మేం చేన్ల చూస్తం. జొన్న పాలు పట్టే టైంకి గుంపు దిగిందంటే తిన్నదానికంటే కింద పడేసుడు ఎక్కువ, ఒక కంకి కొరికి రెండు గింజలు తిని ఇంకో కంకి మీదికి పోతది. మక్క, పొద్దుతిరుగుడు అయితే ఇంక చెప్పొద్దు. మా నాయిన మంచె మీద ఉండి వడిసెల తిప్పేటోడు, ఇప్పుడు నేను మెరిసే రిబ్బన్లు కడుతున్న. రకాల సంగతి అడిగితే, చేన్లకి వచ్చేది ఊరి చిలకనే, అడవి అంచున ఉన్న చేనుకి మాత్రం ఎర్ర తలవి కూడా వస్తయ్, అవి వచ్చినయంటే చూడకుండనే తెలుస్తది, వాటి గొంతు వేరే. ఊరి చిలక కీక్ కీక్ అని చెవులు తూట్లు పొడుస్తది. ఎర్ర తలది టూయ్, టూయ్ అని ఏదో అడుగుతున్నట్టు అంటది, మెత్తగ.

నల్లమల_దారి
జొన్నచేను అన్నా, ఇంత బాగా ఏ పుస్తకంలోనూ రాయలేదు. పెద్ద చిలక గొంతు కూడా కలుపుతా: అదే కీక్ లాంటి అరుపే, కానీ బొంగురుగా, కిందిస్థాయిలో, గొంతు జీరపోయినట్టు. ఒకసారి రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే మళ్ళీ మర్చిపోరు. కొత్తపేట గారూ, మీ ఎర్ర మచ్చది అరిస్తే రికార్డు చేయండి.

సంధ్య_బాల్కనీ
నా అనుభవం కూడా రాస్తా. మా నిజాంపేట వైపు పొద్దుగూకే వేళ చిలకలు ఒకే వైపు పోతుంటాయి, గుంపులు గుంపులుగా, అన్నీ కలిసి పడుకునే చెట్టు ఏదో ఉంటుంది కదా, అటు. ఒక సాయంత్రం వాటిల్లో పూర్తిగా పసుపు రంగు చిలక ఒకటి కనబడింది, పచ్చ గుంపులో ఒకటే పసుపు, ముక్కు ఎరుపు. కొత్త జాతి అనుకుని సంబరపడిపోయా, తీరా అడిగితే రోజ్ రింగ్డే, రంగు తేడాతో పుట్టినవాటిని పెంపకంలో తయారుచేస్తారట, నీలం రంగువి కూడా ఉంటాయట, పంజరం నుంచి తప్పించుకుని ఉంటుంది అన్నారు. తర్వాత వారం రోజులు చూశా, గుంపు దాన్ని వెళ్ళగొట్టలేదు, కలిసే తిరిగింది. అందుకని ఊళ్ళో ఏదైనా వింత చిలక కనబడితే అడవి నుంచి వచ్చిందా, పంజరం నుంచి వచ్చిందా అనేది కూడా ఆలోచించాలి అనిపించింది.

కొలోన్_నుంచి
సంధ్య గారి మాట మీద: నేను ఉండే జర్మనీ కొలోన్‌లో చిలకలన్నీ అలా వచ్చినవే. పంజరాల నుంచి తప్పించుకున్నవి, వదిలేసినవి, వాటి పిల్లలు. రోజ్ రింగ్డ్, అలెగ్జాండ్రిన్ రెండూ ఇక్కడ ఊళ్ళో గూళ్ళు పెడతాయి, మంచు పడుతుంటే పచ్చ చిలకలు ప్లేన్ అనే రకం చెట్ల మీద వరసగా కూర్చుని ఉంటాయి, మొదటి చలికాలం అది చూసి మా ఊరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇంకో చిక్కు ఏంటంటే ఇక్కడ రెండూ జతకట్టి సంకరం పిల్లలు కూడా పుట్టాయి, మచ్చ మసగ్గా, సైజు మధ్యరకంగా. అలాంటిది కనబడితే ఏ గుర్తులూ పనిచేయవు.

హౌన్స్లో_పొద్దు
లండన్‌లో మా పార్కులో కాకుల కంటే ఇవే ఎక్కువ. ఇక్కడివాళ్ళు గిటారు వాయించే జిమీ హెండ్రిక్స్ 1960ల్లో ఒక జంటని వదిలాడు, వాటి సంతానమే ఇవన్నీ అని చెప్పుకుంటారు, 2019లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ళు పాత రికార్డులు మ్యాపు మీద పెట్టి చూసి అది కథే అని తేల్చారు. ఎవరో ఒకరు కాదు, ఎంతోమంది ఎన్నోసార్లు వదిలినవి. ఇందాక చదివాక మా పెరట్లో చూశా, కింది ముక్కు ఎరుపే, అంటే ఉత్తరాది చుట్టాలు.

ఇర్వింగ్_బాబాయ్
మా టెక్సస్‌లో కూడా పచ్చ చిలకలు ఉన్నాయి, కరెంటు స్తంభాల మీద గూడు కడతాయి, ఒక్కో గూడు గడ్డివామంత ఉంటుంది. రోజ్ రింగ్డేనా?

కొలోన్_నుంచి
కాదు బాబాయ్, అవి మాంక్ పారకీట్లు, దక్షిణ అమెరికావి. మొహం, రొమ్ము బూడిద రంగు, ముక్కు ఎరుపు కాదు. పుల్లలతో గూడు కట్టే చిలక అదొక్కటే, మనవి తొర్రల్లో పెడతాయి. గూడు చూస్తే చాలు, పక్షిని చూడక్కర్లేదు.

ఇర్వింగ్_బాబాయ్
ఆరేళ్ళుగా మా మనవరాలికి రామచిలుక అని చెప్తున్నా. ఇవాళ సాయంత్రం వెళ్ళి సరిగ్గా చెప్తాను.

కొత్తపేట_కిటికీ
వచ్చింది!! ఫొటోలు పెట్టా, నాలుగు. మొదటి రెండు మసక, క్షమించాలి. మూడోది, నాలుగోది మధ్యాహ్నం తీసినవి, వెలుగు బాగుంది. కింది ముక్కు జూమ్ చేసి చూస్తే నల్లగానే ఉంది నాకు. మరి మచ్చ?? ఎర్రగా స్పష్టంగా ఉంది కదా. నల్లమల అన్న లెక్క ప్రకారం ఇది ఏదీ కాదు, నాకు బుర్ర తిరుగుతోంది.

పిచ్చుక77
నాకైతే అలెగ్జాండ్రిన్ పిల్ల. పిల్ల కాబట్టి ముక్కు చిన్నది.

వికారాబాద్_వీకెండ్
కొలోన్ అక్క చెప్పిన సంకరం అయ్యుండొచ్చు కదా?

నల్లమల_దారి
పిచ్చుక77, పిల్ల అయితే మచ్చ ఇంకా పలచగా ఉండాలి, అసలు లేకపోనూ వచ్చు. ఇది చూడు, రక్తం లాగా మెరుస్తోంది. అలెగ్జాండ్రిన్ మచ్చ ఇటుక, కుంకుడుకాయ మధ్య రంగు, మెరవదు. పైగా మెడ పట్టీ పూర్తిగా ఉంది, గడ్డం నలుపు ఉంది, అంటే మూడేళ్ళు దాటిన మగది. ముక్కు, తల, ఒళ్ళు అన్నీ రోజ్ రింగ్డే. సంకరం అంటే ఏదో ఒకటి మధ్యరకంగా ఉండాలి, ఇక్కడ మచ్చ తప్ప ఏదీ తేడా లేదు. నాకు ఒక అనుమానం ఉంది గానీ ఇంకెవరైనా చూసి చెప్పేదాకా ఆగుతా.

పాతబస్తీ_పతంగి
నేను చెప్తా, నాలుగో ఫొటో చూడంగనే అర్థమైంది. అది రంగు. పూసిన రంగు. ఎడమ భుజం మీద మచ్చ గుండ్రంగ ఉంది, కుడి భుజం మీద కిందికి జారి పొట్ట పక్కన రెండు ఈకలకి కూడ అంటుకుంది, చూడండి. దేవుడు పెట్టిన మచ్చ రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉంటది. చిన్నప్పుడు మా ఇంటి దగ్గర పిట్టలు అమ్మేటోళ్ళు ఉండె, నేను స్కూల్ నుంచి వచ్చి వాళ్ళ దగ్గరనే కూసునేటోన్ని. పెద్ద చిలకకి రేటు ఎక్కువ, మాటలు బాగ నేర్తదని అడిగి కొంటరు. అందుకని మామూలు చిలకని పట్టుకొచ్చి భుజాలకి ఎర్ర రంగు పూసి పెద్ద చిలక పిల్ల, ఇంకా పెరుగుతది అని అమ్మేది. మునియా పిట్టలకి గులాబి, పచ్చ రంగులు ముంచి అమ్మేది కూడ చూసిన. అప్పుడు నాకు అది ఆటలెక్క అనిపించేది. ఇప్పుడు యాదికొస్తే మనసంత ఎట్లనో అయితది, రంగు ఆరేదాక రెక్కలు కట్టేసి ఎండల పెట్టేటోళ్ళు.

నల్లమల_దారి
నా అనుమానం కూడా ఇదే. ఇంకో ఆధారం మూడో ఫొటోలో ఉంది, తోక కొస చూడండి, ఈకలు అరిగి చీలిపోయి ఉన్నాయి. చిన్న పంజరంలో ఉన్న చిలకకి తోక ఊచలకి రాసుకుని అలా అవుతుంది. ఇది పంజరం నుంచి వచ్చిన రోజ్ రింగ్డ్ మగ చిలక.

కొత్తపేట_కిటికీ
చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. అమ్మకి చెప్పా. రక్తం కాదని తెలిసినందుకు ఊపిరి పీల్చుకుంది, రంగు అని తెలిసి మళ్ళీ బాధపడింది. ఇప్పుడేం చేయాలి? పట్టుకుని కడగాలా? ఆ రంగు ఒంటికి పడదేమో.

సంధ్య_బాల్కనీ
పట్టుకోవద్దు. ఎగురుతోంది, గుంపులో తింటోంది, ఇంకేం కావాలి దానికి. పట్టుకునే ప్రయత్నంలో భయపడి ఆ చెట్టుకే రాకుండా పోతుంది.

నల్లమల_దారి
అవును, వదిలేయండి. ఈకకి పూసిన రంగు ఈకతోనే పోతుంది. ఏడాదికోసారి పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి, ఎండాకాలం చివర్నుంచి వానల దాకా మెల్లగా జరుగుతుంది. కొత్త ఈక పచ్చగానే వస్తుంది. ఎగరలేని స్థితిలో దొరికితే మాత్రం అటవీశాఖకి అప్పజెప్పాలి, ఇంట్లో పెట్టుకోకూడదు.

గోదారి_గట్టు
చట్టం సంగతి కూడా ఎవరైనా సరిగ్గా చెప్పండి. మా వీధిలో మూడిళ్ళలో పంజరాలున్నాయి, "లవ్ బర్డ్స్ పెంచట్లేదా అందరూ, ఇదీ అంతే" అంటారు.

సర్కారు_కొలువు
అంతే కాదండి. లవ్ బర్డ్స్ అని మనం పిలిచేవి ఎక్కువగా ఆస్ట్రేలియా బడ్జీలు, పెంపకంలో పుట్టినవి. మన చిలకలు అడవి పక్షులు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. మన దేశపు పక్షుల వ్యాపారం మీద 1990-91 నుంచి పూర్తి నిషేధం ఉంది. "మేం కొన్నాం, పట్టలేదు" అన్నా చెల్లదు.

గోదారి_గట్టు
చిన్నాన్న గారింటి చిలక గురించి ఇందాక నవ్వుతూ రాశాను. పన్నెండేళ్ళు ఉంది ఆ పంజరంలో. ఆయన దాన్ని బిడ్డలా చూశాడు, తన చేత్తో జామకాయ ముక్కలు పెట్టేవాడు, అది కూడా నిజం. కానీ పొద్దున గుంపు మా పెంకుటింటి మీదుగా పోయేటప్పుడు అది ఊచలు పట్టుకుని అరిచే అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ మూడిళ్ళకీ వెళ్ళి మాట్లాడతాను, గొడవ పెట్టుకోను, చెప్తాను.

జొన్నచేను_మంచె
చేను పాడుచేస్తయని తిట్టుకుంట గానీ, పంజరంల చూస్తే నాకు కూడ నచ్చదు. గుంపు లేని చిలక చిలకనే కాదు.

లోధీ_గార్డెన్_తెలుగు
పెద్ద చిలక విషయంలో ఇది ఇంకా బరువైన సంగతి. పిల్లల్ని తొర్రల్లోంచి తీసి అమ్మడం వల్లే చాలా చోట్ల తగ్గిపోయాయి, అంతర్జాతీయ జాబితాలో ప్రమాదపు అంచుకి చేరువలో ఉన్న వాటిలో పెట్టారు. అవి గూడు పెట్టాలంటే లావుగా పాతబడ్డ చెట్టు కావాలి, అలాంటి చెట్టు కొట్టేస్తే మళ్ళీ ఎన్ని దశాబ్దాలకి వస్తుంది.

అరకు_రైలు
మా విశాఖ కంబాలకొండలో ప్లమ్ హెడెడ్‌లు కనబడతాయి, ఊరికి ఆనుకునే. ఎవరైనా వస్తే చెప్పండి, పొద్దున ఆరున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. అనంతగిరి కూడా చూపిస్తా, అసలుది.

వికారాబాద్_వీకెండ్
అసలుది అంటే మాదే అసలుది. కానీ వస్త.

పిచ్చుక77
కొత్తపేట గారూ, ఒక పని చేయండి. ఈబర్డ్ అని చూసిన పక్షుల లెక్కలు రాసుకునే వెబ్‌సైట్ ఉంది, అందులో రోజూ లెక్క పెట్టండి, ఎన్ని చిలకలు, ఎంతసేపు చూశారు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ కూడా ఉంటుంది, అప్పటికి మీ చెట్టు మీకు కొట్టిన పిండి అవుతుంది. మామూలు చిలకే కదా అని మానేయొద్దు, మామూలువాటి లెక్కే సరిగ్గా ఎవరూ రాయరు. నేను ముందు పిల్ల అలెగ్జాండ్రిన్ అన్నా కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, కింది ముక్కు చూడకుండా చెప్పాను.

కొత్తపేట_కిటికీ
జూన్ అప్‌డేట్. వేపపళ్ళు పండాయి, గుంపు ఇప్పుడు పదిహేను దాకా వస్తోంది, మా ప్లాటు నేలంతా గింజలే. ఎర్ర భుజం రోజూ ఉంది. అరుపు కూడా విన్నా, జొన్నచేను అన్న రాసిన కీక్ కీకే, బొంగురు ఏం లేదు. ఒక ఆడది దాని పక్కనే కూర్చుంటోంది, అమ్మ అయితే పెళ్ళి ఖాయం చేసేసింది. మచ్చ ఇంకా అలాగే ఉంది.

వాన_చినుకు
శుభలేఖ ఇక్కడ పెట్టండి.

పాతబస్తీ_పతంగి
పంజరం చూసిన చిలక మళ్ళ గుంపుల కలిసిందంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు. చాలా సంతోషం అక్కా.

నల్లమల_దారి
రెక్క మీద అక్కడక్కడా కొత్త పచ్చ ఈక కనబడుతోందేమో చూస్తూ ఉండండి.

కొత్తపేట_కిటికీ
సెప్టెంబర్. కుడి భుజం మీద ఎరుపు పూర్తిగా పోయింది. ఎడమ వైపు మూడు నాలుగు ఈకలే మిగిలాయి. మొన్న వాన వెలిశాక కిటికీ గట్టు మీద చిన్న ఈక ఒకటి పడి ఉంది, సగం ఎరుపు, మొదట్లో పచ్చ. అమ్మ దూదికి కొబ్బరినూనె రాసి తుడిస్తే దూది లేత ఎర్రగా అయింది. ఫొటో పెట్టా, పాతబస్తీ అన్నా చూడండి. తోక కూడా కొత్తగా వచ్చింది, కొస సన్నగా, నున్నగా ఉంది.

పాతబస్తీ_పతంగి
చూసిన. అదే రంగు.

కొత్తపేట_కిటికీ
ఇంకో నాలుగు ఈకలు రాలితే గుంపులో అది ఏదో నాకు తెలీదు. పట్టీ ఉన్న మగవి ఆరు ఉన్నాయి. అమ్మ మాత్రం తను గుర్తుపడతానంటోంది, అది ఎడమ కాలితోనే పండు పట్టుకుంటుందట, నాలుగు నెలలుగా చూస్తోందట.